నడవలేని సోదరీమణులు బరువు తగ్గేదెలా?

మా బూర్గంపాడులో స్త్రీల కోసం జరిగే ధార్మిక సమావేశాల్లో ప్రశ్నలు తెరకు ఆవలి నుంచి చీటీల మీద వస్తాయి. వుజూ నియమాలు, నగలపై జకాత్, ఆస్తి పంపకంలో కుమార్తె వాటా – ఇవి ఎప్పుడూ ఉండేవే. ఈ మూడు నాలుగేళ్ళుగా వాటి సరసన మరొక ప్రశ్న చేరింది. చేతివ్రాత మారుతుంది గాని ప్రశ్న మారదు: ‘‘బరువు తగ్గాలని డాక్టరుగారు అన్నారు. రోజూ గంటసేపు నడవమన్నారు. మోకాళ్ళు సహకరించడం లేదు. నడవడానికి తగిన చోటూ లేదు. మా అమ్మాయి తిన్నదంతా కేలరీల్లో లెక్క వేసుకోమంటున్నది. అన్నాన్ని అలా లెక్క పెట్టుకుంటే బర్కత్ పోదా?’’

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి దేహానికి సంబంధించినది, రెండవది ధర్మానికి సంబంధించినది. రెండవదానికి సమాధానం చెప్పడం నా వృత్తి. మొదటిదానికి నేను వైద్యుణ్ణి కాను. అయితే మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికలు, మార్గదర్శకాలు చదువుకున్నవారెవరైనా చూసుకోగలిగినవే. వాటిని దగ్గర పెట్టుకొని, మా ఇంట్లో జరిగిన ఒక ప్రయత్నాన్ని కూడా కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా బరువు ఎక్కువా, తక్కువా అన్నది ఎలా తేలుతుందో చూద్దాం. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్య నిపుణులు నిర్ణయించారు. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. మన దేహాల్లో కొవ్వు పొట్ట చుట్టూ త్వరగా చేరుతుంది కనుక మనకు హద్దు ముందే గీశారు. దీని ప్రకారం ఐదడుగుల స్త్రీకి 53 కిలోల వరకు నిశ్చింత. 58 కిలోలు దాటితే స్థూలకాయమే. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటినా జాగ్రత్త పడవలసిందే. ఈ లెక్క చెప్పగానే మన ఇళ్ళలో సగం మంది ముఖాలు చిన్నబోవడం నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు.

నడక ఎక్కడ?

వైద్యులు నడవమనడంలో తప్పు లేదు. కాని మా ఊరి స్త్రీ ఎక్కడ నడవాలో వారు చెప్పరు. సారపాక కాగితపు మిల్లుకు కర్ర మోసుకుపోయే లారీలు రాత్రీ పగలూ రోడ్డుపై తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు ప్రక్కన కాలిబాట లేదు. ఎండాకాలంలో భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతం రాష్ట్రంలోకెల్లా మండిపోయే చోట్లలో ఒకటి. ఫజ్ర్ తరువాత ఒక గంట దాటితే బయట నిలబడలేము. వానాకాలంలో గోదావరి, కిన్నెరసాని కలిసి ఊరి మీదికి వస్తాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నడక మాట అటుంచి, నిలువ నీడ కోసం జనం పరుగులు తీశారు. ఇక మిగిలేవి చలికాలపు మూడు నెలలు. ఆ మూడు నెలల్లోనూ ఇంట్లో పిల్లలు, వృద్ధులు, వంట.

దీనికి పర్దాయే కారణమనేవారున్నారు. అది సరి కాదు. హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో పరుగు పందెం వేశారని హదీసు గ్రంథాల్లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేసిన తరువాత మరల పందెం వేస్తే ఆయన గెలిచారు; అప్పటిదానికి ఇది బదులు అని నవ్వుతూ అన్నారు. ఉమ్ముల్ మోమినీన్ తన బరువు సంగతిని తానే ఉల్లేఖించారు, దాచుకోలేదు. భర్త పరిహసించలేదు, పందానికి పిలవడం మానలేదు. భార్య లావైందని నలుగురిలో చులకన చేసే మన సోదరులు ఈ హదీసును ఒకసారి తీరికగా చదవాలి. మన స్త్రీలకు నడక లేకపోవడానికి కారణం మనం వారికి చోటూ, సమయమూ ఇవ్వకపోవడం.

ఇదే మండలంలో, అడవి అంచున ఉన్న కోయ స్త్రీలు తునికాకు కోసం, ఇప్ప పువ్వు కోసం కోసుల కొద్దీ నడుస్తారు. మిరప కోతల కాలంలో కూలి తల్లులు తెల్లవారి బయలుదేరి ప్రొద్దు వాలాక ఇల్లు చేరతారు. వారి కష్టం తిన్నది చాలకపోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం మంది అధిక బరువుతోనో, స్థూలకాయంతోనో ఉన్నారని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 36.3 శాతం. అదే సర్వేలో తెలంగాణలో 18.8 శాతం స్త్రీలు ఉండవలసినదానికంటే తక్కువ బరువున్నారు. ఒకే ఊరిలో, ఒక్కోసారి ఒకే గోడకు అటూ ఇటూ ఈ రెండూ ఉంటాయి. బరువు తగ్గే ఆలోచన చేసేవారు ఈ రెండవ సంఖ్యను మరువకూడదు.

కేలరీ అంటే ఏమిటి?

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణమే మనం ఆహారం విషయంలో కేలరీ అని పిలిచేది. అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు 1890ల్లో ఒక గదిని నిర్మించి, అందులో మనిషిని రోజుల తరబడి ఉంచి, అతడు తిన్నదెంత, అతని దేహం వెలువరించిన వేడి ఎంత అని కొలిచాడు. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు – ఆయన స్థిరపరచిన ఈ లెక్కే నేటికీ ప్రపంచమంతా వాడుతున్నది. బిస్కెట్ పొట్లం వెనుక అచ్చు వేసే సంఖ్యకూ ఇదే ఆధారం.

దీనిని ప్రయోగశాల నుంచి వంటింటికి తెచ్చినది ఒక స్త్రీ. లులు హంట్ పీటర్స్ అనే అమెరికా వైద్యురాలు తానే స్థూలకాయంతో బాధపడి, బయటపడి, 1918లో గృహిణుల కోసం కేలరీల పుస్తకం వ్రాసింది. ఒక రొట్టె ముక్క తిన్నాననుకోవద్దు, ఇన్ని కేలరీల రొట్టె తిన్నాననుకోండి అని ఆమె నేర్పింది. అదే 1918లో మన దేశంలో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగం మొదలైంది. బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు పుట్టిన ఆ విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2017లో ఆ సంస్థ దేశం నలుమూలల నుంచి సేకరించిన 528 రకాల ఆహార పదార్థాలను పరీక్షించి పట్టికలుగా ప్రకటించింది. మన బీరకాయలో, మన జొన్నలో ఏముందో తెలుసుకోవడానికి అమెరికా పుస్తకం అవసరం లేదు.

ఆ సంస్థ లెక్క ప్రకారం ఎక్కువగా కూర్చొని పని చేసే 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 1,660 కేలరీలు సరిపోతాయి. పొలంలో బరువు పని చేసే స్త్రీకి 2,720 కావాలి. మన అమ్మలు, నాయనమ్మలు రోలు, రోకలి, తిరగలి, బావి నీళ్ళు – ఇన్నింటితో గడిపిన జీవితానికి తగినట్లు తిన్నారు. ఆ పళ్ళెం మనకు వారసత్వంగా వచ్చింది. రోలు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గంటసేపు, అంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఒక మోస్తరు బరువున్న స్త్రీకి ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. ఒక పెద్ద చెంచాడు నూనెలో 125 కేలరీలున్నాయి. కూరలో పడే నూనె రెండు పెద్ద చెంచాలు తగ్గితే గంట నడకకు మించిన ఫలితం వస్తుంది. నడక వద్దని నేను అనడం లేదు. నడక గుండెకు మేలు, చక్కెర అదుపుకు మేలు, మనసుకు మరీ మేలు. కాని బరువు తగ్గడమన్న ఒక్క పని మటుకు ఎక్కువగా పళ్ళెంలోనే జరుగుతుంది. నడవలేని స్త్రీ నిరాశ పడనవసరం లేదని చెప్పడానికే ఈ లెక్కంతా.

దేహంలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిలువ ఉంటాయి. రోజుకు 400 కేలరీలు తక్కువ తింటే కాగితం మీద మూడు వారాలకు కిలో తగ్గాలి. నిజానికి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. బరువు తగ్గే కొద్దీ దేహం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. అందుకే మొదటి రెండు నెలల వేగం ఐదవ నెలలో ఉండదు. అక్కడే చాలా మంది మానేస్తారు.

వంటింటి లెక్కలు

వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. పళ్ళెంలో గుట్టగా వడ్డిస్తే 300 గ్రాములు సునాయాసంగా వస్తుంది, అంటే 390. మన రాష్ట్రంలో రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. రోజుకు 200 గ్రాములు, ఇంచుమించు 700 కేలరీలు. బరువు తగ్గదలచిన స్త్రీకి రోజంతటికీ ఆ బియ్యం కూడా ఎక్కువే.

జొన్న రొట్టె తింటే సన్నబడతారన్న నమ్మకం బలంగా ఉంది. జొన్న పిండిలోనూ, బియ్యంలోనూ గ్రాముకు గ్రాము కేలరీలు దాదాపు సమానం. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్లుంటుంది, చక్కెర మెల్లగా పెరుగుతుంది – ఆ మేలు నిజమే. కాని అన్నం మానేశానన్న ధైర్యంతో నాలుగు రొట్టెలు, వాటిపై నెయ్యి వేసుకుంటే ఏమీ తగ్గదు.

సొరకాయ, బీరకాయ, దోసకాయ, బూడిద గుమ్మడి – ఇవి 100 గ్రాములకు 20 కేలరీలకు లోపే. పాలకూర, వంకాయ, క్యాబేజీ 30 లోపు. గోదావరి లంకల్లో, కిన్నెరసాని ఒడ్డున పండే కూరగాయలకు మాకు కొదవ లేదు. పళ్ళెంలో సగం కూరగాయలు పెట్టుకుంటే కడుపు నిండుతుంది, లెక్క నిండదు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ వైద్య గ్రంథంలో స్థూలకాయులకు పరిమాణంలో ఎక్కువగా, పోషణలో తక్కువగా ఉండే ఆహారమివ్వాలని సూచించాడు. కేలరీ అన్న మాట పుట్టక ముందే ఆ హకీమ్ గారికి సంగతి తెలుసు.

దీనికి వ్యతిరేకమైన ఉల్లేఖనం కూడా ఉంది, అదీ రుచికరమైనదే. హజ్రత్ ఆయిషా (రజి) తల్లి గారు వివాహానంతరం కుమార్తెను అత్తింటికి పంపేముందు కాస్త ఒళ్ళు చేయాలని ఎన్నో పెట్టి చూశారు. చివరకు దోసకాయతో తాజా ఖర్జూరాలు కలిపి తినిపించాక ఫలితం కనిపించిందట. ఒళ్ళు చేయడం మేలనుకున్న కాలం, తగ్గడం మేలనుకునే కాలం – రెండూ ఉంటాయి. అవసరాన్ని బట్టి ఆహారాన్ని మార్చుకోవడం కొత్త సంగతి కాదు.

ఇక టీ. గేదె పాలు సగం కలిపి, రెండు చెంచాల చక్కెర వేసిన కప్పు టీ సుమారు 100 కేలరీలు. రోజుకు నాలుగు కప్పులు తాగే ఇల్లాలు, అన్నంతో సంబంధం లేకుండానే, 400 కేలరీలు తాగుతున్నది. కొవ్వు తగ్గించిన పాలు, అర చెంచా చక్కెరతో అదే కప్పు 50 కేలరీలకు దిగుతుంది. మన స్త్రీలు టీని ఆహారంగా ఎన్నడూ లెక్కించరు. ‘‘ప్రొద్దుటి నుంచి ఏమీ తినలేదు, టీ మటుకే తాగాను’’ అనే మాట ప్రతి ఇంట్లో వింటాము.

లెక్కిస్తే బర్కత్ పోతుందా?

చీటీలోని రెండవ ప్రశ్న ఇది. దీని వెనుక ఒక ప్రసిద్ధ హదీసు ఉంది. దైవప్రవక్త (స) పరమపదించిన తరువాత ఇంట్లో కొద్దిపాటి బార్లీ మటుకే మిగిలిందనీ, చాలా కాలం అందులోంచే తింటూ వచ్చాననీ, ఒకనాడు దానిని కొలిచాక అది అయిపోయిందనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దీనినిబట్టి తిండిని కొలవరాదని కొందరు అనుకుంటారు. కాని బుఖారీ గ్రంథంలోనే మరొక హదీసు ఉంది. ఆహార ధాన్యాన్ని కొలుచుకోండి, అందులో మీకు శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) ఉపదేశించారు.

హదీసు వ్యాఖ్యాతలు ఈ రెండింటినీ ఇలా సమన్వయపరిచారు: కొనేటప్పుడు, ఇచ్చేటప్పుడు, ఇంటికి తెచ్చుకొనేటప్పుడు కొలత మంచిది, అల్లాహ్ ఇచ్చిన దానిపై నమ్మకం లేక, ఎంత మిగిలిందో అని పిసినారితనంతో తడిమి చూసుకోవడం మంచిది కాదు. నా దృష్టిలో తన దేహానికి చాలినంత ఎంతో తెలుసుకొని తినడం మొదటి కోవలోకి వస్తుంది. అతిథి పళ్ళెంలోని ముద్దలను లెక్కించడం రెండవ కోవలోకి వస్తుంది. పైగా కొలత మన ధర్మంలో అడుగడుగునా ఉంది. ఫిత్రా దానం సాఅ కొలతతో ఇస్తాము. మన తెలుగు ఇళ్ళలోనూ గిద్ద, సోల, తవ్వ, మానిక లేకుండా ఎసట్లో బియ్యం పడేది కాదు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధ అందరికీ కంఠస్థమే. మూడో వంతు అన్నప్పుడే లెక్క వచ్చింది కదా.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. క్రింద పడిన ముద్దను కూడా వదలరాదనీ, పళ్ళెం శుభ్రంగా తినాలనీ మనం నేర్పాము. మన ఇళ్ళలో తల్లులు దానిని మరో విధంగా పాటిస్తున్నారు. పిల్లవాడు వదిలిన అన్నం, భర్త మిగిల్చిన కూర, రాత్రి అడుగంటిన బిర్యానీ – ఇవన్నీ పారేస్తే పాపమని తల్లి తన కడుపులో వేస్తుంది. ఇస్రాఫ్, అంటే దుబారా, జరిగింది వండేటప్పుడు, వడ్డించేటప్పుడు. ఆ మిగులు తల్లి పొట్టలో చేరినంత మాత్రాన దుబారా రద్దు కాదు. దేహానికి అక్కర లేని ఆహారం పెంటకుప్పలో పడినా, నడుము చుట్టూ చేరినా ఖర్చు ఖర్చే. తక్కువ వండండి. పిల్లలకు తక్కువ వడ్డించి, అడిగితే మళ్ళీ పెట్టండి. మిగిలితే చేయి పడకముందే ప్రక్క ఇంటికి పంపండి. పొరుగువారి హక్కు దస్తర్‌ఖాన్ ఎత్తిన తరువాత కాదు, పరచక ముందే గుర్తుకు రావాలి.

ఆపా గారి పుస్తకం

మా పెద్ద ఆపా గారికి అరవై ఏళ్ళు. ఐదడుగుల మనిషి. బరువు 74 కిలోలు. చక్కెర వ్యాధి, రెండు మోకాళ్ళ అరుగుదల. కుర్చీపై కూర్చొని నమాజ్ చేసేవారు. శస్త్రచికిత్సకు ముందు బరువు తగ్గి చూడమని వైద్యులన్నారు. ఆమె ఉర్దూ అయిదో తరగతి వరకు చదువుకున్నారు. లెక్క వ్రాసే పని తొమ్మిదో తరగతి చదివే మనవరాలు తీసుకున్నది.

మొదటి పది రోజులు తిండి ఏమీ తగ్గించలేదు. తిన్నదంతా వ్రాయడమే. ఇది చాలా ముఖ్యమైన సంగతి. మొదటి రోజే పస్తు మొదలుపెట్టేవారికి తమ తిండిలో ఏది ఎక్కువో ఎప్పటికీ తెలియదు. పది రోజుల తరువాత చూస్తే రోజుకు సుమారు 1,800 కేలరీలు తేలాయి. ఆపా గారు నమ్మలేదు. ‘‘నేను తినేది పిట్ట తిండి’’ అన్నారు. పుస్తకంలో అన్నం 650, టీ 400కు పైన, నూనె 270, మనవల పళ్ళెంలోంచి తిన్నది 150 దాకా, మిగిలినది పప్పు, కూర, సాయంత్రపు బిస్కెట్లు. అన్నం తరువాతి స్థానం టీది!

నూనె లెక్క ఎలా తెలిసిందంటే, ఇంట్లో ఐదుగురు, నెలకు ఐదు లీటర్ల నూనె. తలకు లీటరు, రోజుకు 30 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు నూనె 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని ఉంది. ఆపా గారి లక్ష్యం 1,300 కనుక ఆమె వాటా 15 గ్రాములే. ఆమె ఒక్కరికి వేరే కూర వండడం కుదరదు, కుదిరినా రెండు వారాల్లో మానేస్తారు. అందుచేత ఇల్లంతా నెలకు మూడు లీటర్లకు దిగింది. తలవా గోష్త్ నెలకు ఒకసారి అయింది. చాప వేయించడం మాని పులుసు పెట్టారు. కోడలు మొదట అయిష్టపడింది, నెలాఖరున నూనె డబ్బు మిగిలాక అయిష్టం తగ్గింది.

టీ రెండు కప్పులకు వచ్చింది. అన్నం రోజుకు 300 గ్రాములు, ఒకే గిన్నెతో కొలిచి. పప్పు, గుడ్డు, చేప, చర్మం తీసిన కోడి మాంసం, పెరుగు – వీటిని తగ్గించలేదు. తిండి తగ్గించినప్పుడు మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అరవై ఏళ్ళ మనిషికి అది ప్రమాదం. కండ నిలవడానికి కుర్చీ మీంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లు చేశారు. నమాజునే వ్యాయామంగా ప్రచారం చేసేవారున్నారు. నాకది నచ్చదు. నమాజ్ ఆరాధన. దానిని కేలరీల పట్టికలో వ్రాయనక్కరలేదు.

ఎనిమిది నెలలకు 8 కిలోలు తగ్గారు. మధ్యలో ఒక నెలంతా సూది కదలలేదు. ఒక పెళ్ళిళ్ళ వారంలో కిలో పెరిగింది కూడా. బరువు వారానికి ఒకసారే, ఒకే సమయంలో చూసుకున్నారు. మోకాలి అరుగుదలపై జరిగిన పరిశోధనల్లో ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగుకూ మోకాలిపై పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. 8 కిలోలంటే 32 కిలోల భారం. అరుగుదల పోలేదు, పోదు కూడా. కాని ఆపా గారు ఇప్పుడు మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నారు. శస్త్రచికిత్స మాట వాయిదా పడింది. చక్కెర మాత్రల మోతాదును డాక్టరుగారు తగ్గించారు.

ఈ చివరి సంగతి గురించి హెచ్చరిక అవసరం. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు తిండి ఉన్నట్టుండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరుగుతాయి. వైద్యునికి చెప్పకుండా ఒక్క రోజు కూడా మొదలుపెట్టవద్దు. థైరాయిడ్ లోపమున్నవారు ముందు దానికి పరీక్ష, చికిత్స చేయించుకోవాలి. రోజుకు 1,200 కేలరీలకు క్రిందికి దిగడం వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎవరూ చేయరాదు.

ఎవరు లెక్కించకూడదు?

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రమజాన్ ఉపవాసం నుంచే మినహాయింపు ఉంది. విధి అయిన ఉపవాసంలోనే వెసులుబాటు ఉన్నప్పుడు, బరువు కోసం పస్తుండే ప్రసక్తే లేదు. తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. లావుగా ఉన్న స్త్రీకి రక్తం బాగుందనుకోవడం పొరపాటు; ఒళ్ళు నిండుగా ఉండి రక్తం లేనివారు ఎందరో. అందుకని ఆకుకూర, మాంసం, గుడ్డు తగ్గించి బిస్కెట్లు ఉంచుకునే లెక్క తలక్రిందుల లెక్క. భోజనంతో పాటు టీ తాగవద్దు. అది ఆహారంలోని ఇనుమును దేహానికి అందనివ్వదు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది ఆడపిల్లల సంగతి. సంబంధం చూడడానికి వచ్చినవారు ‘‘అమ్మాయి కాస్త సన్నబడితే బాగుంటుంది’’ అని వెళతారు. ఆ పిల్ల ఎత్తుకు తగిన బరువే ఉంటుంది. ఆ రాత్రి నుంచి ఆమె అన్నం మానేస్తుంది. తల్లి సంతోషిస్తుంది! ఇది జుల్మ్. కేలరీల లెక్క అనారోగ్యం ఉన్నవారికి మందు వంటిది. ఆరోగ్యవంతురాలికి మందు ఇవ్వము. ఎదిగే వయసు పిల్లల చేతికి ఈ పుస్తకం ఇవ్వవద్దు. తిండి గురించే రాత్రింబవళ్ళు ఆలోచించడం, తిన్నందుకు కుమిలిపోవడం, తిన్నది కక్కడం – ఇవి కనిపిస్తే వెంటనే లెక్క ఆపి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఆకలి చంపే మాత్రలు, నెలకు పది కిలోలు తగ్గిస్తామనే పొడులు, టీలు – వీటి గురించి ఒక్క మాట: కొనవద్దు.

రమజాన్ వచ్చినప్పుడు

ఉపవాస మాసంలో బరువు దానంతటదే తగ్గుతుందనుకుంటాము. పరిశోధనల్లో తేలినది సగటున కిలోకు కాస్త ఎక్కువ. అందులోనూ చాలా భాగం పండుగ తరువాత కొన్ని వారాల్లోనే తిరిగి వస్తుంది. కారణం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ చూస్తే తెలుస్తుంది. మూడు ఖర్జూరాలు సుమారు 70 కేలరీలు – సున్నత్ నెరవేరింది, దేహానికి తక్షణ శక్తీ అందింది. నీళ్ళు, ఒక పండు, కొద్దిగా ఉడికించిన శనగలతో ఆగి మగ్రిబ్ నమాజుకు లేస్తే 250లోపే ఉంటాము. కాని నాలుగు చెంచాల చక్కెర కలిపిన షర్బత్, నూనె పీల్చిన సమోసాలు రెండు, మిరపకాయ బజ్జీలు రెండు చేరితే, అసలు భోజనం మొదలుకాకముందే, సగం రోజు వాటా అయిపోతుంది. తరావీహ్ తరువాత హలీమ్ ఇంకా మిగిలే ఉంది.

వీటిని వేయించేది కూడా ఆ ఉపవాసమున్న స్త్రీయే. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు, దుఆలు స్వీకరింపబడే ఆ ఘడియల్లో, ఆమె మూకుడు ముందు నిలబడి ఉంటుంది. ఇఫ్తార్‌లో వేయించిన పదార్థాలు వారానికి ఒక రోజుకు పరిమితం చేద్దామని మా ఇంట్లో మగవారమే ముందు ప్రతిపాదించాము. పిల్లలు రెండు రోజులు గొణిగారు. మూడవ రోజు నుంచి పుచ్చకాయ ముక్కల గిన్నె ముందు ఖాళీ కావడం మొదలైంది.

లెక్క మొదలుపెట్టదలచిన సోదరీమణులకు కావలసినవి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, వంటింటి తూకం. తూకం లేనివారు ఊళ్ళోని కిరాణా దుకాణంలో ఒకసారి తమ ఇంటి గిన్నెడు అన్నం తూయించుకుంటే చాలు; ఆ తరువాత ప్రతి రోజూ అదే గిన్నె. నూనెకు చెంచా, చక్కెరకు చెంచా. సీసాను నేరుగా మూకుడులో వంచడం మానాలి. చదవడం రాని తల్లికి పిల్లలు వ్రాసి పెట్టాలి. మొదటి పది రోజులు వ్రాయడం మటుకే, తగ్గించడం పదకొండవ రోజు నుంచి. పెళ్ళి విందుకు వెళ్ళిన రోజున కూడా వ్రాయండి. ఆ పేజీని ఖాళీగా వదిలితే మరునాటి పేజీ కూడా ఖాళీగానే ఉండిపోతుందని మా ఇంటి అనుభవం.